బదులుకు పోయిన పిల్ల

వ్యవసాయ కాలేజీ పిల్లలను ఆఖరు ఏడాదిల ఊర్లల్ల ఉంచుతరు. రైతు ఇంట్ల ఉండి, రైతు పని చూసి నేర్చుకోవాల్నట. పోయిన వానాకాలం మా మర్కూక్ దిక్కు వచ్చినోళ్లల్ల ఒక ఆడపిల్ల మా ఇంట్ల దిగింది. నేనూ సిద్దిపేటల డిగ్రీ చదివినదాన్నే కాబట్టి, చదువుకున్న ఇల్లని మా ఇల్లు చూపించిన్రు. డిగ్రీ చదివి నాట్లేసే ఆడదాన్ని చూస్తే ఆ పిల్లకు చదువు మీద ఏం ఆశ పుడుతదో వాళ్ల సార్లకే తెల్వాలె.

పిల్ల మంచిదే. తిన్న కంచం తనే కడుగబోయేది, నేను కడుగనియ్యకపోతుంటి. మేమందరం కింద కూసోని తింటుంటే ఆమెకు మాత్రం ఫ్యాను కింద కుర్సీ వేసి, కంచం చేతికి అందిస్తుంటి. "నేనూ కింద కూసుంట అక్కా" అంటే, "నడుం పట్టుకుంటది, కుర్సీల కూసో" అని గదమాయిస్తుంటి. మర్యాదంటే గదే అనుకున్న.

మా దగ్గర కొందరివి ఇంకా బదులు నాట్లే. ఇయ్యాల నీ మడిల మేమందరం, రేపు నా మడిల మీరందరు. ఇంటికొక ఆడమనిషి పోవాలె. మా జట్టుకు పెద్దది పక్కింటి వదిన. ఎవరిది ముందు, ఎవరిది వెనుక అన్నది ఆమె నోట్లెకెల్లి రావాల్సిందే. ఆఖరుకు రెండిండ్ల నాట్లు మిగిలినయి. ముందు వదినోళ్లది, ఆ తెల్లారి మాది. మా నారు అప్పటికే ముదిరింది. ఇంకా ఆగితే పిలకలు రావు, పంట సగమే. కూలికి పిలుద్దామంటే ముఠాలన్నీ వేరే ఊర్లకు ఒప్పుకొని పోయినయి.

సరిగ్గ వదినోళ్ల నాటు రోజే పొద్దుగాల నేను వాకిట్ల జారి పడ్డ. మడిమ బూరె లెక్క ఉబ్బింది.

"నీ బదులు నేను పోత అక్కా" అన్నది పిల్ల.

"చదువుడు వేరు, బురదల వంగుడు వేరు" అన్న. అన్న కానీ, ఇంకో తొవ్వ ఏది? మా ఆయన పాత అంగీ తొడిగి తోలిన.

నాటేటోళ్లు వెనక్కు జరుగుకుంట నాటుతరు. ఈమెకు జరుగరాలే. రెండు పక్కలోళ్లు ఆమె వెనుక జాగ గూడ నాటేసుకుంట పోయిన్రట. చుట్టూ నాటు, నడుమ ఈ పిల్ల. కాలు తీస్తే నారు తొక్కాలె. "దిష్టిబొమ్మ కావాల్నని నేనెవ్వర్ని అడగలే" అన్నదట వదిన, మడంత వినబడేటట్టు. మాపటికి ఇంటికొచ్చి పిల్లనే నవ్వుకుంట చెప్పింది.

మేము బువ్వ తింటుండంగనే వదిన వచ్చింది.

"రేపు నేను రాను. బదులంటే ఇంటి మనిషి రావాలె. సుట్టాన్ని తోలుతవా?"

"మొన్న యాసంగిల నీ కోడలు పురుటికి పోతే నీ చెల్లెను తోలలేదా? ఆమె మీ ఇంటిదా? ఎవరి పొయ్యి మీది బువ్వ తింటే ఆ ఇంటి మనిషే" అన్న.

వదిన కుర్సీల ఉన్న పిల్లను చూసింది. కింద కూసున్న మా ఆయనను చూసింది.

"ఇంటి మనిషైతే మీ ఆయన కింద, ఆమె మీద ఎందుకే మరదలా?"

మాటకు మాట వెతుక్కునేదాన్ని కాదు నేను. ఆ పూట మాత్రం, "నడుం నొస్తదని" అన్న.

"పొద్దంత నా మడిల వంగిన నడుమే గద" అనుకుంట పోయింది.

ఆమె పోంగనే పిల్ల లేచి, కుర్సీని తీసి గోడకు పెట్టింది. వచ్చి కింద కూసోని, "పచ్చిపులుసు పొయ్యి అక్కా" అన్నది. పోసిన.

తెల్లారి జట్టంత వచ్చింది, వదిన తప్ప. ఆమె బదులు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన మనుమరాలు వచ్చింది, చేతిల సెల్లు పట్టుకొని.

"నేను వాళ్ల పొయ్యి మీది బువ్వనే తింటున్ననని నీకు చెప్పుమన్నది మా అమ్మమ్మ."

నా మాట నాకే తగిలింది. వద్దంటే నేను ఓడినట్టు. "సెల్లు ఒడ్డు మీద పెట్టి దిగు బిడ్డా" అన్న. దిగింది. నాటినదాని కంటే నిలబడ్డదే ఎక్కువ. పొద్దుగూకేసరికి బోరు కాడి మడి మిగిలిపోయింది. జట్టోళ్లు ఇంకో రోజు ఎందుకొస్తరు? ఎవరి పని వాళ్లకున్నది.

మర్నాడు పిల్ల ఒక్కతే మడిల దిగింది. నేను ఒడ్డు మీద కూసోని నారు కట్టలు విసురుతున్న. వదిన గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని అటే వచ్చింది.

"ఏమే, ఆమెకు కుర్సీ తేలేదా?"

"ఇంటి మనిషికి కుర్సీ ఏంది వదినా? సుట్టాలొస్తే వేస్త. నీకు తెప్పియ్యాల్నా?"

వదిన మోపును ఒడ్డు మీద పడేసింది. చీర పైకి చెక్కుకొని మడిల దిగింది. దిగుతనే తిట్లందుకుంది. "ఇది నాటు సాలా, పాము పోయిన తొవ్వా? మీ కాలేజీల గీత గియ్య నేర్పలేదా పిల్లా?"

పిల్ల మాత్రం వదిన ఎక్కడ తన వెనుక నాటేస్తదో అని జల్ది జల్ది వెనక్కు జరుగుతుంది.