ఉత్త చేతుల ఉయ్యాల

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో చదివి బిత్తరపోయింది.

"అవ్వా, ఎన్కట వేరే దేశాలల్ల చట్టాలే చేసిండ్రంట. చెవుడు ఉన్నోళ్లకు, బుద్ధి తక్కువని పేరు పెట్టినోళ్లకు పిల్లలు కావద్దని బలవంతంగ ఆపరేషన్లు చేసిండ్రంట. మంచి సంతానమే పుట్టాలన్నరంట. అందరు పెద్ద సదువులు సదివినోళ్లే!"

నేను అయిదో తరగతి దాటలేదు. ఆ దేశాలు ఎక్కడున్నాయో తెలియదు. కానీ ఆ మాట నాకు కొత్త కాదు. బయ్యారం దగ్గర మా ఊళ్లోనే విన్నాను.

నా మూడో కాన్పు తర్వాత, బడిలో పెట్టిన, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల క్యాంపుకు మా అత్త నన్ను తీసుకుపోయింది. తన కూతురిని, నా ఆడబిడ్డనూ వెంట తెచ్చింది. ఆమెకు పుట్టుచెవుడు, మాట రాదు. పెళ్లయి ఏడాది కాలేదు. మగడు భూపాలపల్లి బొగ్గుబావుల దిక్కు కూలికి పోయి ఉన్నాడు. నా చంటిదాన్ని ఎత్తుకోవడానికే వచ్చిందనుకున్నాను.

వరుసలో మా వంతు వచ్చింది. ఆడబిడ్డ చంకలో పాపను చూసి నర్సమ్మ, "నీకెంతమంది పిల్లలమ్మా?" అంది.

"ముగ్గురు," అని అత్తే జవాబిచ్చింది.

 "ఏందత్తా ఇది?" అని గొణిగాను.

"నువ్వు ఊకో. దీనికి గూడ గిట్లనే పుడితే, నేను సచ్చినంక ఎవలు సూస్తరు? నువ్వు సూస్తవా?"

నోరు మూసుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

నర్సమ్మ ఒప్పుకోలు కాగితం తీసి, ఆడబిడ్డ బొటనవేలికి సిరా పూసింది. ఆడబిడ్డ ఆ కాగితాన్ని చూసింది, లోపల వరుసగా పడుకోబెట్టిన ఆడవాళ్లను చూసింది. ఏం తట్టిందో, పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తన ఉత్త చేతులను ఉయ్యాలలా ఊపింది. సిరా వేలితో గుండె మీద కొట్టుకుంది. జాకెట్టు మీద నల్ల మచ్చ పడింది. 

అప్పుడు వచ్చింది నాకు మాట. "బిడ్డ నాది నర్సమ్మా. మా ఆడబిడ్డకు ఇంకా పిల్లలే కాలే."

నర్సమ్మ కాగితం చింపేసింది. "ఏం తల్లివమ్మా నువ్వు!" అంది అత్తను చూసి.

రెండేళ్లకు ఆడబిడ్డకు కూతురు పుట్టింది. ఏడుపు వినపడని మనిషి పసిదాన్ని ఎట్లా సాకుతుందని ఊరంతా అనుకున్నాం. ఆమె ఉయ్యాల తాడు కొసను తన మణికట్టుకు కట్టుకుని పడుకునేది. బిడ్డ కదిలితే చాలు, లేచి కూర్చునేది. అంతమందిమి ఉన్నాం, ఆ ఉపాయం మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఒకనాడు తాడు ఒరుసుకుని ఆమె చేయి కందింది. మా అత్త తన పాత చీర చింపి, ఆ మణికట్టుకు మెత్తగా చుట్టి, తాడును మళ్లీ తానే కట్టింది.