నేయకుండా వదిలిన దారం

ఆ రోజు మధ్యాహ్నం నేను చేసిన తప్పు ఇది. నా విద్యార్థిని ఒకమ్మాయి నెలల తరబడి కష్టపడి తయారు చేసుకున్న గౌనుకు, మర్నాడు పొద్దున జడ్జీలు వస్తారనగా, ఆమెను అడక్కుండా కత్తెర పెట్టాను. మంచి చేస్తున్నాననుకునే పెట్టాను. అంతమాత్రాన తప్పు తగ్గదు.

తిరుపతిలో ఒక ఫ్యాషన్ డిజైన్ కాలేజీలో కుట్టు ల్యాబ్ చూసుకునే ఇన్‌స్ట్రక్టర్ని నేను. అంతకుముందు చాలాకాలం తిరుప్పూరులో బనియన్ కంపెనీల్లో చెకింగ్ సెక్షన్‌లో పనిచేశాను. అక్కడ మా పనల్లా కుట్టిన బట్ట మీద పోగు వేలాడితే కోసెయ్యడం. ఒక్క పోగు మిగిలిందని సరుకు మొత్తం వెనక్కొచ్చిన రోజులున్నాయి. ఆ పని మానేసి ఇన్నేళ్లయినా బస్సులో ముందు సీటాయన కాలరుకు దారం కనిపిస్తే నా వేళ్లు ఊరుకోవు. "పెండ్లికి పోయి పెండ్లికూతుర్ని సూడకుండా చీర అంచు సూసేటోడు ఈయనొక్కడే" అని మా ఆవిడ చుట్టాల ముందే అంటుంది.

మా దగ్గర ఆఖరి సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరు ఐదేసి దుస్తులు చెయ్యాలి. అన్నింట్లో ఒకటే ఆలోచన నడవాలి. దాన్ని కలెక్షన్ అంటారు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన జడ్జీలు చూసి మార్కులు వేసి స్థానాలు ఇస్తారు. ఐదింటిలో ఒకటి లెక్కలోకి రాకపోయినా ఆ కలెక్షన్ మొత్తం పక్కకు పోతుంది. ఏడాది చదువంతా ఆ ఒక్క పూటలో తేలుతుంది.

జడ్జీలు వచ్చే వారం ల్యాబ్‌లో అడుగు పెడితే ఒక్కో డమ్మీ దగ్గరా ఆగి చూసేవాడిని. చేరిన కొత్తలో సూదిలో దారం ఎక్కించడానికి నా దగ్గరికి వచ్చిన పిల్లలే వీళ్లు. కిటికీల్లోంచి కొండ కనిపిస్తుంది, దాని ముందు వరసగా డమ్మీలు. మా ఊరి గంగ జాతరలో మొక్కుబడికి కట్టే వేషాలను తీసుకుని ఒక పొడుగమ్మాయి కోట్లు కుట్టింది. ఆ తోటి వేషం, దొర వేషం మనం ఏటా వీధిలో చూసేవే. కానీ ఆ కోట్ల ముందు నిలబడితే మొదటిసారి చూస్తున్నట్టుండేది. వాళ్లమ్మ ఆర్టీసీలో కండక్టరుగా చేసే అబ్బాయి ఒకడు పాత ఖాకీ చొక్కాలన్నీ విప్పి, చెమటకు వెలిసిన చోటల్లా అలాగే పైకి కనిపించేట్టు గౌన్లు చేశాడు. ఈ ఆలోచనలు వీళ్లకు నేను నేర్పినవి కావు. నేను నేర్పింది కుట్టు నేరుగా వెయ్యడం ఒక్కటే.

నేను కత్తెర పెట్టిన గౌను పుత్తూరు వైపు నుంచి వచ్చే అమ్మాయిది. వాళ్లింట్లో మగ్గం ఉంది. ఐదింటికీ బట్ట తనే నేసుకుంది. అన్నీ రంగు వెయ్యని నూలు బట్ట. డిజైన్ గురించి ఆమె నాకు ముందే చెప్పింది.

"పడుగు అయిపోవచ్చినప్పుడు చివర మూరెడు దారం నేతకు అందదు సార్. ఆడికి మగ్గం ఆగిపోతుంది. ఆ మూరెడు కోసి పక్కన పడేస్తాం. బట్టను అందరూ సూస్తారు, బట్ట కాకుండా మిగిలిపోయిన ఆ దారాన్ని ఎవురూ సూడరు. దాన్ని సూపించాలని ఉండాది."

నేను తల ఊపాను. ఆ రోజు ఓవర్‌లాక్ మిషను బెల్టు తెగి ఉంది, నా మనసు దాని మీద ఉంది. వినకుండా తల ఊపడం కూడా ఒక రకం అబద్ధమని అప్పుడు అనుకోలేదు.

జడ్జింగ్‌కు ముందు రోజు పొద్దున దుస్తులన్నీ చివరిసారి డమ్మీలకు ఎక్కించారు. "ఇక మీదట స్నేహితులు ఒకరికొకరు సాయం చేసుకోవచ్చు. టీచర్ల చెయ్యి మాత్రం పడకూడదు. పడితే ఆ దుస్తు లెక్కలోకి రాదు" అని పిల్లలకు నిబంధన చదివి వినిపించింది నేనే. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. నేను దారాలు కోసే చిన్న కత్తెర చేతిలో పెట్టుకుని డమ్మీల మధ్య తిరిగాను. దారాలు కోయడం చెయ్యి పెట్టడం కిందికి వస్తుందని నాకు తోచనే లేదు. పిల్లవాడికి మూతి తుడిచినట్టే కదా అనుకున్నాను.

ఆ అమ్మాయి గౌను ముందుపక్క అంచు చక్కగా మడిచి కుట్టి ఉంది. వెనకపక్క గోడ వైపు తిరిగి ఉంది. అక్కడ అంచు మడవలేదు, నేత ఆగిన చోటు నుంచి పోగులు పోగులుగా దారాలు నేల మీద కుప్ప పడి ఉన్నాయి. హడావుడిలో మరిచిపోయిందనుకున్నాను. కూర్చుని కోయడం మొదలుపెట్టాను. జానెడు మేర కోశాను.

"ఏంది సార్ కోస్తాండారు?"

వెనక్కి తిరిగితే ఆమె, చేతిలో కడిగిన టిఫిన్ డబ్బా.

"వెనక అంచు మడవలేదు కదమ్మా. దారాలు ఇట్లా వేలాడతా ఉంటే జడ్జీలు ఊరుకుంటారా?"

ఆమె డబ్బా కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద పడిన దారాలను ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంది.

"అవి వేలాడతా లేవు సార్. నేను వదిలినాను."

అప్పుడు గుర్తొచ్చింది, ఆ మూరెడు దారం మాట. తప్పయిందమ్మా అని అక్కడే అనాల్సింది. నా నోట వచ్చింది వేరు. "అట్లయితే చీటీ రాసి అంటించాల గదా! మాకెట్లా తెలుస్తుంది?" అని అరిచాను. తప్పు చేసినవాడి గొంతే ముందు లేస్తుంది.

తలుపు దగ్గర జాతర కోట్ల అమ్మాయి, ఖాకీ అబ్బాయి, మరికొందరు చేరారు.

"చీటీ పెట్టాలంట సూడుమే" అంది జాతర కోట్ల అమ్మాయి. "కొండమీద కల్యాణకట్టలో గూడా అడిగినాకనే కత్తెర పెడతారు సార్, గుండా, మూడు కత్తెర్లా అని. మీరేంది, అడక్కుండానే!"

పిల్లలు నవ్వారు. నవ్వి, వెంటనే ఆపుకున్నారు. పుత్తూరు అమ్మాయి డమ్మీని తిప్పి గౌను వెనకపక్కను చూస్తోంది. ఒకవైపు నీళ్లు జారినట్టు నేల దాకా దారం, మరొకవైపు జానెడు మేర మొండిగా నా కోత.

"అంతా సమానంగా కోసెయ్‌మే, తెలీదు" అన్నాడు ఖాకీ అబ్బాయి.

"లేకుంటే అదే నా కాన్సెప్ట్ అని చెప్పు. తెగిన బతుకులు, అదీ ఇదీ అని ఇంగ్లీషులో నాలుగు మాటలు కొట్టు" అంది ఇంకో అమ్మాయి.

ఆమె అరచేతిలోని దారాలను బల్ల మీద వరసగా పరిచింది. "అతుకుతా" అంది. తర్వాత అడిగింది: "బూడిద కావాల. యాడ దొరుకుతుంది?"

నేనే పోయాను. కాలేజీ గేటు పక్కన ఇస్త్రీ బండి ఉంది. "బూడిద కావాలప్పా, బొగ్గులది" అన్నాను.

"గుడ్డలు లేకుండా వట్టి బూడిదేనా?" అన్నాడతను. "ఏంది సారూ, ఫ్యాషనోళ్లంతా కలిసి సన్యాసం పుచ్చుకుంటాండారా?" అంటూనే పాత పేపర్లో పొట్లం కట్టి ఇచ్చాడు.

ఆమె ఆ బూడిదను పల్చటి గుడ్డలో వేసి జల్లించింది. గౌనును డమ్మీ నుంచి దించి బల్ల మీద పరిచింది. పోగు జారకుండా బొటనవేలు, చూపుడు వేలు బూడిదలో అద్ది, గౌనుకు మిగిలిన మొండి పోగును, కోసిన పోగు కొసను పక్కపక్కన చేర్చి ఒక్క మెలి తిప్పింది. మెలిని వెనక్కి మడిచి ఇంకోసారి నలిపింది. లాగి చూపించింది. తెగలేదు. అతుకు ఎక్కడుందో నా కంటికి ఆనలేదు. తిరుప్పూరులో పోగు కోసినవాళ్లను వందలమందిని చూశాను. తెగిన పోగును మళ్లీ పోగు చేసిన చెయ్యిని చూడటం అదే మొదలు.

"సిన్నప్పుడు బడి లేని రోజు మాకిదే పని" అంది. "పాత పడుగుకు కొత్త పడుగు అతికేది. ఎక్కువ మాట్లాడితే మా నాయన ఇంకో నాలుగు పోగులు ముందుకు తోస్తాడు."

ఎవరూ పిలవలేదు. జాతర కోట్ల అమ్మాయి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఖాకీ అబ్బాయికి ఒక గౌనుకు గుండీలు ఇంకా కుట్టాల్సి ఉంది. వాడు సూదిని చొక్కాకు గుచ్చుకుని వచ్చి కూర్చున్నాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు చేరారు. రేపు వీళ్లందరూ ఒకరికొకరు పోటీ.

నేను దూరంగా నిలబడ్డాను. "నేను చెయ్యి పెట్టకూడదు కదమ్మా, రూలు..."

ఆమె తల ఎత్తలేదు. "కోసేటప్పుడు గుర్తుకు రాని రూలు ఇప్పుడు వచ్చిందా సార్?"

కూర్చున్నాను. వేళ్లకు బూడిద అద్దుకున్నాను. నా అతుకులు రాగి గింజల్లా ఉబ్బుగా వచ్చాయి. ఒకటి లాగితే ఊడింది. "సార్‌ది అతుకు కాదుమే, వడియం" అన్నాడు ఖాకీ అబ్బాయి. ఈసారి ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుకు నాకు ప్రాణం లేచి వచ్చింది. కొండ దారిలో దీపాలు వెలిగేసరికి దారమంతా మళ్లీ నేల దాకా దిగింది.

అందరూ వెళ్తుంటే ఆమెను అడిగాను. "నేను కోసినానని రేపు జడ్జీలకు చెప్తే ఈ గౌను లెక్కలోకి తీసుకోకపోవచ్చు. చెప్పకపోతే..."

"చెప్పకపోతే ఆ వడియాలు నావనుకుంటారు సార్" అంది. చెప్పమనలేదు, వద్దనీ అనలేదు. బ్యాగు తగిలించుకుని హాస్టలుకు పోయింది.

ఇంటికి పోతూ దారంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. చెప్తే నష్టం ఆమెకే కదా, ఊరుకోవడమే ఆమెకు మేలు అనుకున్నాను. ఆ మేలులో నా ఉద్యోగం మేలు ఎంత కలిసి ఉందో పైకి తీసి చూసుకునే ధైర్యం లేకపోయింది.

మర్నాడు ముగ్గురు జడ్జీలు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ ఒకరు ప్రతి దుస్తునూ కళ్లతో కంటే వేళ్లతో ఎక్కువ చూశారు. పుత్తూరు అమ్మాయి వంతు వచ్చింది. మగ్గానికి అందని మూరెడు గురించి నెమ్మదిగా చెప్పింది. ఈసారి ప్రతి మాటా విన్నాను. పెద్దావిడ వెనకపక్కకు వచ్చి దారాలను అరచేతి మీదికి తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. గాలికి ఆ దారమంతా ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది. దాన్ని కోసిన చెయ్యి నాదేనా అనిపించింది.

ఆవిడ వేలు ఒకచోట ఆగింది. "ఇంత చక్కగా చేసి ఇక్కడ మాత్రం ఇంత మొరటుగా ఉందేంటమ్మా? తొందరపడ్డావా?"

ఆమె ఆవిడ వేలి కింది దారాన్నే చూసింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే, ఆమె చూసింది కాబట్టి చెప్పానని తర్వాత అనుకునేవాడినేమో. ఆ వీలు కూడా ఆమె నాకు ఇవ్వలేదు.

"అవి నేను వేసినవి మేడం" అన్నాను. "నిన్న దారం కోసింది నేనే. ఆమెను అడగలేదు. పిల్లలు అతికారు. అందులో చెడ్డవన్నీ నావి."

ప్రిన్సిపల్ ముఖం మాడింది. "టీచర్ చెయ్యి పడితే లెక్కలోకి రాదు కదండీ" అన్నారు జడ్జీల్లో ఒకాయన. పెద్దావిడ నా వైపు తిరిగారు.

"మీరు వేసినవి ఏవో మీకు తెలుసా?"

"వేలికి తగులుతాయి మేడం."

"అయితే మీ చెయ్యి తీసేయండి. మేము మిగతావాళ్లవి చూసి వస్తాం. వచ్చేసరికి ఇందులో పిల్లల చేతులే ఉండాలి. అప్పుడు ఐదూ లెక్కలోకి తీసుకుంటాం."

తీసుకున్నారు కూడా. ఆమెకు రెండో స్థానం వచ్చింది. మొదటిది తప్పిపోవడంలో నా పాలు ఎంతో నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు.

జడ్జీలు తిరిగి వచ్చేలోపు అందరి ముందూ నేల మీద కూర్చుని, నేను వేసిన అతుకులను తడుముకుంటూ విప్పాను. విప్పిన పోగునల్లా వదిలి చెయ్యి వెనక్కి తీసుకుంటే, ఆమె వెనకే దాన్ని అతుకుతూ వచ్చింది. పక్క వరసలో జడ్జీల మాటలు వినిపిస్తున్నాయి. కోసిన సంగతి ఒప్పుకున్నాను కానీ, అరిచిన సంగతి ఇంకా మిగిలే ఉంది.

"నిన్న నీ మీద అరిచినాను. తప్పు నాది పెట్టుకుని నిన్నన్నాను. క్షమించమ్మా" అన్నాను.

ఆమె చేతిలోని పోగు మెలి పూర్తి చేసి, లాగి చూసుకుంది.

"వెలుతురుకు అడ్డముండారు సార్. కొంచెం జరగండి."

జరిగి, తర్వాతి పోగు విప్పడం మొదలుపెట్టాను.