నిప్పురవ్వ లేడీస్ టైలర్స్

ప్రత్తిపాడు సెంటర్లో చెప్పుల కొట్టు పక్కన ‘నిప్పురవ్వ లేడీస్ టైలర్స్’ అని ఒక బోర్డు ఉంటుంది. బట్టలు కుట్టేచోట నిప్పు మాటేమిటని అడగని మనిషి లేరు. సంతోషకుమారి పళ్ళ మధ్య పట్టుకున్న దారం తీసి, అందరికీ ఒకటే జవాబు చెబుతుంది: “నిప్పురవ్వ అంటే ఉక్కురెక్క చెల్లెలు. టీవీలో వచ్చేది. మా అన్నయ్య చూశాడు, ఆయన్నడగండి.”

ఆ అన్నయ్య శ్యామ్ సుందర్. ఒంగోలులో హైస్కూలు లెక్కల మాష్టారు. చొక్కాకి ఇస్త్రీ మడత నలగదు. చర్చిలో పిల్లలకి ఆదివారం బడి నడిపేది కూడా ఆయనే. అబద్ధమాడకూడదన్న పాఠం ఏటా ఆయన నోటిమీదుగానే నడుస్తుంది. పాఠం చెబుతున్నంతసేపూ గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గుతాడని పిల్లలు అంటారు గానీ, కారణం వాళ్ళకి తెలియదు.

కారణం ఏమిటంటే, ఆయన చూడలేదు.

వాళ్ళ చిన్నప్పుడు, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి టీవీలో ఉక్కురెక్క బొమ్మల సీరియల్ వచ్చేది. భుజాలకి ఉక్కు రెక్కలు తగిలించుకుని ఎగిరే వీరుడి కథ. ఊళ్ళో టీవీ ఉన్నది గురునాథం పంతులుగారింట్లో. సరిగ్గా అదే వేళకి కల్లంలో మిరపకాయలు ఎండుతూ ఉండేవి. కాయల్ని మేకలు తొక్కకుండా, కోళ్ళు కెలకకుండా ఒకరు కాపలా కూర్చోవాలి. ఒక వారం నువ్వు, ఒక వారం నేను అని అన్నాచెల్లెళ్ళు వంతులు వేసుకున్నారు. శ్యామ్‌కి పన్నెండేళ్ళు, సంతోషకి తొమ్మిది. మొదటి వంతు అన్నయ్యది.

శ్యామ్ పరుగున వెళ్ళాడు. పంతులుగారి భార్య వెంకాయమ్మగారు గుమ్మంలోనే వాణ్ణి ఎగాదిగా చూసి, “నువ్వు పొడుగ్గా ఉన్నావురా. డాబా ఎక్కి ఆ యాంటెన్నా కాస్త పట్టుకో నాయనా,” అంది. ఎక్కాడు. చేలమీదనుంచి గాలి ఈడ్చి కొడుతోంది. చెయ్యి తీస్తే యాంటెన్నా గొట్టం తిరిగిపోతుంది, బొమ్మ పోతుంది.

“వచ్చిందా అండీ?”

“ఆఁ, వచ్చింది! కదలమాకురా శ్యామూ!”

కదల్లేదు. అరగంటసేపు ఊళ్ళో పిల్లలందరికీ ఉక్కురెక్కని చూపించి, తాను మాత్రం కింద కిటికీలోంచి పైకొచ్చే చప్పుళ్ళు విన్నాడు. ఢమఢమలు, ఒక భయంకరమైన గర్జన, పిల్లల చప్పట్లు. దిగేసరికి టీవీ కట్టేశారు.

కల్లం దగ్గర చెల్లెలు గంపంత ఆశతో కూర్చుని ఉంది. “ఎట్టా ఉందిరా అన్నయ్యా? ముందు వరసలో కూర్చున్నావా?”

గొట్టం పట్టుకున్నానని ఏ అన్న చెబుతాడు? “కుర్చీ వేశారు,” అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. “వచ్చేవారం నా వంతు,” అంది సంతోష. చెల్లెలు వెళ్తే యాంటెన్నా సంగతి బయటపడుతుంది. శ్యామ్ బుర్ర గిర్రున తిరిగింది. “అసలు కథ నీకు తెలవదు. ఉక్కురెక్కకి ఒక చెల్లెలుంది. నిప్పురవ్వ. వాడు ఊరిమీద ఎగురుతుంటే, కోట మొత్తం ఆ పిల్ల ఒక్కతే కాపలా కాస్తది. ఆమె లేకపోతే వాడు సున్నా. కాపలా కాసేవాళ్ళదే పెద్ద పనంట.”

సంతోష కళ్ళు పెద్దవయ్యాయి. చేతిలో కర్ర కాస్త నిటారుగా పట్టుకుంది. “తర్వాత?”

“ముందు ఆ మూల కాయలు తిరగెయ్యి. చెప్తా.”

ఆ వేసవంతా వంతులు మారలేదు. ప్రతి ఆదివారం అన్న డాబా మీద, చెల్లెలు కల్లంలో. ప్రతి ఆదివారం నిప్పురవ్వ ఒక కొత్త శత్రువుని తరిమింది.

పిల్లల అబద్ధం పిల్లలతోనే పోతే ఇబ్బంది లేదు. ఇది పోలేదు. పెళ్ళయ్యాక, ఆడది సెంటర్లో కొట్టు పెట్టి కూర్చోవడమేంటని అత్తింటివాళ్ళు నసిగినప్పుడు, “నిప్పురవ్వ ఒక్కతే కోట కాసింది, నేను ఒక మిషను కాసుకోలేనా,” అని సంతోష బోర్డు రాయించింది. ప్రారంభానికి ప్రార్థన చేసింది పాస్టరుగారు, రిబ్బను కత్తిరించింది అన్నయ్య. కత్తిరించేటప్పుడు ఆయన బోర్డు వైపు తలెత్తలేదు. వినయమనుకున్నారు అందరూ. అది జరిగి పద్నాలుగేళ్ళు.

మొన్న ఫిబ్రవరిలో, గురువారం మధ్యాహ్నం ఫోను.

“అన్నయ్యా! ఉక్కురెక్క దొరికాడు! మా షారోన్ ఫోన్లో పట్టింది. మొత్తం ఇరవయ్యారు భాగాలంట! ఆదివారం రా, టీవీకి కలిపి చూద్దాం. నువ్వొచ్చేదాకా నేను ముట్టుకోను. అవునూ, నిప్పురవ్వ ఎన్నో భాగంలో వస్తది?”

“చాలాకాలమైంది కదమ్మా,” అన్నాడు శ్యామ్ సుందర్. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరకి వేసి, ఫోన్లో మొదటి భాగం పెట్టాడు. నలభై అయిదేళ్ళ వయసులో ఉక్కురెక్క ముఖం అప్పుడే మొదటిసారి చూడటం. రెక్కలు ఎర్రవని ఊరంతా చెప్పుకున్నాడు, తీరా పసుపు. ఆ గర్జన సింహానిది కాదు, రైలుది. కానీ ప్రతి చప్పుడూ ముందే తెలుసు. ఇప్పుడు గంట మోగుతుంది అనుకుంటే మోగింది. అరచేతిలో చల్లటి గొట్టం తగిలినట్టయింది. కళ్ళు తుడుచుకుంటుంటే సైన్సు టీచర్ నజ్మీన్ లోపలికొచ్చి, “ఏంటి సార్, ఇంట్లో అంతా బాగేనా?” అంది. “మిరపఘాటు,” అన్నాడు. ఒంగోలు స్టాఫ్ రూములో మిరపఘాటు!

శనివారానికి అయిదు భాగాలు చూసి, మిగతావాటిని ముందుకి తోసి తోసి వెతికాడు. ఉక్కురెక్కకి చెల్లెలు లేదు. పిల్లి కూడా లేదు.

ఆదివారం సంతోష ఇంట్లో కుర్చీ వేసి ఉంది, టీవీకి ఎదురుగా, ముందు వరసలో. “నీ అలవాటు ప్రకారం,” అంది నవ్వుతూ. బావ ప్రభు కౌలుచేను కాయలు కల్లంలో ఎండబోసి, అక్కడే కాపలా ఉన్నాడు. మేనకోడలు షారోన్ బొమ్మ పెట్టి చర్చి పాటల సాధనకి వెళ్ళిపోయింది.

మొదటి భాగం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా సంతోష ముందుకి వంగుతోంది. “ఇప్పుడొస్తది.” వచ్చింది పోలీసు. రెండో భాగం. “ఇదిగో, కోట!” కోట దగ్గర ఎవరూ లేరు. తాళం వేసి ఉంది. మూడో భాగం సగంలో ఆమె ఇంకా ముందుకి వంగే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఎలా కూర్చునేదో అలాగే.

శ్యామ్ సుందర్ ఇక ఉండలేకపోయాడు. “రాదమ్మా.”

“ఏంది రానిది?”

“నిప్పురవ్వ. ఆ పిల్ల ఇందులో లేదు. నేను పుట్టించా.”

సంతోష టీవీ వైపు చూసింది. మళ్ళీ అన్న వైపు చూసింది. “మరి నువ్వు చూసినప్పుడు...”

“నేను చూడలేదు. డాబా మీద యాంటెన్నా పట్టుకున్నా. వేసవంతా. సిగ్గేసి చెప్పలా.”

“కుర్చీ?”

“కుర్చీ కూడా లేదు.”

టీవీలో ఉక్కురెక్క ఎవరినో కొడుతూనే ఉన్నాడు. ఆమె లేచి దాన్ని ఆపింది. “పద్నాలుగేళ్ళు ఆ బోర్డు కింద కూర్చున్నాను అన్నయ్యా. రోజూ దానికేసి చూసి మిషను తొక్కా.” అన్న వైపు తిరిగింది. “అక్కడ నీ చేతులు నొప్పి పుడుతుంటే, ఇక్కడ నాకు కథలా?”

ఆమె తలుపు వెనకనుంచి కర్ర తీసి అన్న చేతిలో పెట్టింది, తువ్వాలు భుజాన పడేసింది.

“కల్లానికి పో. మీ బావని అన్నానికి పంపించు. ఇవ్వాళ కాపలా నీది. అప్పుడు రావాల్సిన టీవీ వంతు నాది, ఇప్పుడు నేను చూసుకుంటా.”

ఇస్త్రీ చొక్కాతో, పాలిష్ బూట్లతో లెక్కల మాష్టారు కల్లం గట్టున కూర్చోవడం దారిన పోయేవాళ్ళంతా చూశారు. “ఏం మాష్టారూ, ట్రాన్స్‌ఫర్ అయిందా?” అని బుల్లయ్య సైకిలు ఆపి మరీ అడిగాడు. ఎండ నెత్తికెక్కింది. గాలి తిరిగినప్పుడల్లా తుమ్ములు. ఒక మేక ఆయన్ని బొత్తిగా లెక్కచేయలేదు. చెల్లెలు బోర్డు దింపించేస్తుందా, తన మొహం ఇంక చూస్తుందా అన్న ఆలోచనలోనే రెండున్నరయింది.

సంతోష క్యారియర్ పట్టుకుని వచ్చింది. అన్నం గిన్నె విప్పి ముందు పెట్టి, కాయలు పోసిన పట్టా అంచున కూర్చుంది. కాసేపు కాయల వైపు చూసింది.

“అయిదో భాగం చూశా,” అంది.

“ఊఁ.”

“ఉక్కురెక్క సముద్రం దాటి పోతాడు. కోట మీదికి ఇనప గద్దలొస్తయి, వంద. కోటలో ఎవరున్నారు? నిప్పురవ్వ ఒక్కతే. చేతిలో కర్ర. ఒక్కో గద్దనీ అట్టా...” ఆమె చెయ్యి గాల్లో తిప్పింది. “ఇంతలో వీడు తిరిగొచ్చి కోట గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ చూడకుండా గోడ కూలిపోకుండా పట్టుకున్నాడంట, పాపం, చేతులు నొప్పి పుట్టేదాకా.”

శ్యామ్ సుందర్ అయిదో భాగం శుక్రవారమే చూశాడు. అందులో సముద్రం లేదు, గద్దలు లేవు. గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

“తర్వాత?” అన్నాడు.

“ముందు అన్నం తిని, ఆ మూల కాయలు తిరగెయ్యి,” అంది సంతోషకుమారి. “చెప్తా.”