పక్కవేలి పొడవు

పోయిన నెల మా మనవడు నా కాలు కావాలన్నాడు. వైద్యం చదువుతున్నాడు. జబ్బులేని పెద్దవాళ్ళ పాదాల్లో ఏ ఎముక ఎంత పొడవుంటుందో, ఒకదానితో పోలిస్తే మరొకటి ఏ పాళ్ళలో ఉంటుందో కొలవాలట; విజయనగరంలో ఉన్న చుట్టాలనీ ఇరుగుపొరుగునీ అందరినీ ఎక్స్‌రే గదికి లాక్కుపోతున్నాడు. నన్నూ బల్లమీద కూర్చోబెట్టి ఎడమ పాదం ఫొటో తీయించి, కుడి పాదం దగ్గరికి వచ్చేసరికి వంగి చూసి, "ఇది పనికిరాదు తాతా, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది" అన్నాడు. తరవాత ఫిల్మును వెలుతురుకు పెట్టి, స్కేలు ఆనించి, నాకు బొటనవేలి కన్నా పక్కవేలే పొడవనీ, అది మామూలేననీ, చాలామందికి అలాగే ఉంటుందనీ చెప్పాడు. ఆ ముక్కే ఒకప్పుడు నేను ఒక ఊరికి చెప్పబోయాను. ఈ కుడికాలు అప్పుడు విరిగిందే.

నా ఈడు వాళ్ళకు ఆ నమ్మకం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆడదాని కాలి పక్కవేలు బొటనవేలిని దాటితే మొగుణ్ణి మింగుతుందని మనం పాలతోపాటు తాగిన విషమే అది. మా అక్క పెళ్ళినాటికి చిన్నపిల్ల, పాదాలనిండా పారాణి, ఎవరూ పరీక్షగా చూడలేదు. యుద్ధం రోజుల్లో కోటబొమ్మాళిలో మా బావకు చలిజ్వరం వచ్చింది, క్వినైను ఎక్కడా దొరకలేదు, తొమ్మిది రోజులు వణికి కన్నుమూశాడు. ఆయన్ని చంపింది దోమ. కాని పదకొండోనాడు అక్క అత్తగారు అందరి ముందూ అక్క కాలు లాగి, వేళ్ళు విడదీసి చూపించి, పొయ్యిలో కాల్చిన అట్లకాడ ఆ పక్కవేలిమీద పెట్టింది.

నేను ఆ ఊళ్ళోనే బడిపంతుల్ని. కేక విని పరుగెత్తుకు వెళ్ళేసరికి చర్మం కాలిన వాసన వీధిలోకి వచ్చింది. అక్కను పశువులపాకలో పడేశారు. ఆ వంశానికి పెద్దదిక్కు బావకు పెదనాన్న. ఆయన్ని నేను పెదమామ అని పిలిచేవాణ్ణి. బావ తమ్ముడి పెళ్ళి ముహూర్తం పెట్టుకునేలోగా ఆ వేలు తీయించకపోతే ఇంటికి రెండో చావు తప్పదని ఆయన తీర్పు చెప్పాడు. మంగలికి కబురు పెట్టారు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. సభల్లో లేచి పండితుల్ని నిలదీసి, చప్పట్లు కొట్టించుకున్న పొగరు ఒంట్లో ఉంది. వాదంతో గెలవలేనిది లోకంలో లేదనుకునేవాణ్ణి. పెదమామ అరుగెక్కి, ఆయన శాస్త్రానికి సాక్ష్యం ఏదని అడిగాను. ఆయన నవ్వి, చుట్ట నోట్లోంచి తీసి, "నానెందుకు సూపించాల? నువ్వే సూపించరా అబ్బీ. పక్కయేలు పొడుగుండీ మొగుడు బతికున్న ఆడోళ్ళని ఈ ఊళ్ళో పదిమందిని సూపించు. మీ అప్ప కాలు ముట్టం" అన్నాడు. అంత సులువైన పందెం ఎవరైనా వేస్తారా అని నేను సంబరపడ్డాను.

పరాయి ఆడవాళ్ళ పాదాలు మగవాణ్ణి నన్ను ముట్టనివ్వరు. భర్త పోయిన అక్కను దగ్గరికే రానివ్వరు. అందుకని శ్రీకాకుళం నుంచి అమ్మను పిలిపించాను. మాది వెండి కొట్టు. మెట్టెలకు దారంతో వేలి కొలత తీయడం అమ్మకు చిన్నప్పటి నుంచి చేతిలో పని. ఆమె ఇల్లిల్లూ తిరిగి, పెరటి నూతి దగ్గర పాదాలకు పసుపు రాసుకుంటున్న వాళ్ళ పక్కన చతికిలబడి, వేలి చుట్టుకొలతతో పాటు పొడవూ తీసేది. వేలిని వంచి, అది పాదంలో కలిసేచోట ఎముక కణుపు తడిమి పట్టుకుని, అక్కణ్ణించి కొన దాకా దారం లాగి ముడి వేసేది. బొటనవేలికొక దారం, పక్కవేలికొక దారం, రెండూ కలిపి మెలి. పక్కవేలు పొడవైన వాళ్ళ దారాలను అక్కడే ఉన్న పసుపులో ముంచేది. వారం తిరిగేసరికి పసుపు దారాలు పదికి మించాయి. ఊళ్ళో పిల్లాపాపలతో చల్లగా కాపురాలు చేసుకుంటున్న ఇల్లాళ్ళవి అవన్నీ.

నేను కాగితం కలం పట్టుకుని పేర్లు అడిగాను. అమ్మ వెంటనే చెప్పలేదు. "ఎవుల్దేదో నాకు తెలుసును. నీకెందుకురా? మెట్టెలకని కాళ్ళిచ్చినారు, ఊరికి సూపించమని కాదు" అంది. పేరులేని సాక్ష్యం సాక్ష్యమే కాదని నేను ఆమెతో కూడా వాదించాను. అక్క వేలు కాపాడాలంటే ఇదొక్కటే దారి అన్నాను. కూతురి పేరెత్తాక అమ్మ ఓడిపోయింది. ఒక్కొక్క దారం తీసి, ఒక్కొక్క పేరు చెప్పింది.

మర్నాడు ఉదయం పెదమామ అరుగుమీద మగవాళ్ళందరి ఎదుటా చదివాను. ఫలానా వారి భార్య, ఆ భర్త అదుగో, నిక్షేపంలా కూర్చుని ఉన్నాడు అంటూ ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించాను. మొదట నవ్వారు. "ఒరే బావా, నిన్నింకా మింగనేదేట్రా" అని ఎవరో ఎకసెక్కం ఆడారు. తరవాత నవ్వులు తగ్గాయి. గానుగాడే ఆయన, నేను అన్న అని పిలిచేవాణ్ణి, లేచి తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. నేను గెలిచానని అనుకున్నాను. బతికున్న భర్తలను చూపిస్తే నమ్మకం చస్తుందని అనుకున్నాను. ఆ భర్తలు ఇంటికి వెళ్ళి పెళ్ళాల కాళ్ళు చూసుకుంటారని తోచలేదు.

మధ్యాహ్నానికి గానుగ వారి పెరట్లోంచి అరుపులు లేచాయి. ఆయన పెళ్ళాం పాదాన్ని రోటి పక్కన రాతిమీద తొక్కిపెట్టి, ఆ వేలిని రోకలితో నలగ్గొట్టాడు. రాయిమీద వెండి మెట్టె రేకులా అతుక్కుపోయి ఉంది. పొద్దువాలేలోగా మరో ఇద్దరిని పుట్టిళ్ళకు తరిమారు. ఒకామెను జుట్టుపట్టుకుని వీధిలో ఈడ్చారు. అదే సాయంత్రం బడి ముందు నలుగురు నన్ను పడగొట్టారు. "మా ఆడోళ్ళ కాళ్ళు కొలుస్తావేట్రా? నీ కాలు మేం కొలుస్తాం" అని కుడిపాదాన్ని మెట్టుమీద పెట్టి, అదే రోకలి ఎత్తి వేశారు. నా ఎముకలు విరిగిన చప్పుడు, ఎండుకొమ్మ చప్పుడు, నేనే విన్నాను.

మర్నాడు నేను మంచంమీద ఉండగా అక్క కుంటుకుంటూ వచ్చింది. పక్కనే కూర్చుని, "నా ఒక్క కాలికని మొదలెట్టినావు తమ్ముడా. అదిప్పుడు ఎన్ని కాళ్ళు తింటన్నాదో సూడు. కొలతలన్నీ అబద్ధమని సెప్పీ" అంది. చెప్పనన్నాను. కొలిచినది కొలిచినట్టు ఉంది, నిజం అబద్ధం ఎలా అవుతుందన్నాను. కాలు విరిగినా నా పొగరు విరగలేదు. అక్క నన్ను తిట్టలేదు. గూట్లో ఉన్న పసుపు దారాలన్నీ తీసి పొయ్యిలో వేసి, పెదమామ ఇంటికి వెళ్ళింది.

ఆ తరవాత జరిగింది అమ్మ కళ్ళతో చూసి చెప్పినది. తమ్ముడు తనమీద మమకారం కొద్దీ లేని కొలతలు పుట్టించాడనీ, ఊళ్ళో పాడు వేలు తనొక్కదానిదేననీ, అది పోతే మిగతా ఆడవాళ్ళ జోలికి ఎవరూ పోకూడదనీ అక్క పెదమామ చేత అందరి ముందూ ఒప్పించింది. మంగలి కత్తి కింద పెట్టేశాడు. "ఆడకూతురి కాలు నాను కొయ్యను బాబూ, నా సెయ్యి గడ్డాలకే" అని వెళ్ళిపోయాడు. అక్క కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చుకుని, అరుగు రాతిమీద పాదం పెట్టి, తనే వేసుకుంది. ఒక దెబ్బకు తెగలేదట. రెండో దెబ్బ వేసుకుంది. పెదమామ దోషం పోయిందన్నాడు. ఊళ్ళో దెబ్బలు ఆగిపోయాయి.

మూఢత్వాన్ని నేను అప్పుడూ క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను. ఆ కత్తి వెనక ఉన్నది పెదమామ నోరూ, అత్తగారి అట్లకాడా, గానుగ అన్న రోకలీ. కాని వాటికి ఇంటింటి దారి చూపించింది నా కాగితం. ఆ మాట నేను ఏ సభలోనూ చెప్పలేదు. అక్కను నాతో విజయనగరం తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్ళు మా ఇంట్లో కాస్త ఒరిగి నడిచింది. నేను ఆ సంగతి ఎత్తబోతే లేచి వేరే పని చూసుకునేది.

ఈనాడు పెళ్ళిచూపుల్లో కాళ్ళు చూడడం తగ్గిందంటారు. జాతకాలు మాత్రం మునుపటి కన్నా మంచి అచ్చులో వస్తున్నాయి. మారినది ఎంతో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం కళ్ళారా చూశాను. ఆ రోజు ఎక్స్‌రే గదిలో మనవడి పుస్తకం తిరగేస్తే, పొడవుల వరసల పక్కన అంకెలే ఉన్నాయి, నా పేరు లేదు. ఏదిరా అని అడిగాను. "పేర్లెందుకు తాతా, ఎవరి కాలో బయటికి తెలియకూడదు కదా, మాకు మొదట నేర్పేదే అది" అన్నాడు, మరో ఫిల్ము ఎత్తి చూస్తూ.

అంత చదువు చదివితే గాని తెలియనిది కాదు అది. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమె దారాలమీద ముడులే గాని పేర్లు లేవు.