కీడు ముందే చెప్పిన డాక్టరమ్మ

నా కూతురి స్కాన్‌లో ఏ మచ్చా లేదని తెలిసిన రోజే, డాక్టరమ్మ ఇక లేరనీ తెలిసింది. తమిళనాడులో మా కోవిల్‌పట్టి నుంచి నేనూ అమ్మాయీ విరుదునగర్ ఆసుపత్రికి వెళ్లాం. కొత్త డాక్టరు ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసి, "కేన్సరు తిరిగి రాలేదు, కాలేయం బాగుంది" అన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "మొదట ఈ మాట డాక్టరమ్మకు చెప్పాల. ఏ గదిలో ఉండారు?" అని అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. నిన్న గుండె ఆగిపోయిందట. ఈ మధ్యాహ్నమే తీసుకుపోతారట.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. అయినా ఆ మహాతల్లి గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

నా కూతురు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. కుడి డొక్క కింద నొప్పి అంటే గ్యాసు అనుకున్నాం. తీరా చూస్తే కాలేయంలో గడ్డ. దాన్ని కోసి తీసేయాలన్నారు డాక్టరమ్మ. మా ఇళ్లలో మంచి పనికి బయలుదేరేటప్పుడు కీడు మాట నోట రానివ్వం. ఆమె పద్ధతి దానికి పూర్తిగా తలకిందులు. ఆపరేషనుకు ముందు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క కీడు చెబుతూ ఒక్కొక్క వేలు మడిచారు. రక్తం పోవచ్చు. పిత్తరసం కారవచ్చు. కడుపులో నీరు చేరవచ్చు. మిగిలిన కాలేయం పని అందుకోలేక కామెర్లు రావచ్చు. అన్నీ అరవంలోనే చెప్పారు.

పక్కనున్న నా భార్యకు ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, బయట ఆ అరవ ఊళ్లలో అది ఎవరికి తెలుస్తుందని మా ధైర్యం. తల తిప్పుకుని, "దీని నోట్లో మన్నుబడ! బిడ్డను కోయకముందే చంపతాంది" అని గొణిగింది.

డాక్టరమ్మ వేలు మడవడం ఆపలేదు. "మన్ను పడితే పడనీలే అక్కా, ఇంకొకటి మిగిలుండాది, అదీ ఇనేసి తిట్టు" అన్నారు, అచ్చం మా ఇంటి తెలుగులో!

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మాత్రం పకపకా నవ్వారు. "మా అమ్మ ఇంతకన్నా బాగా తిడతాది. ఇను. ఇప్పుడే చెప్పి ఉంచితే, వచ్చినప్పుడు మీరు ఏడస్తా కూర్చోరు, బస్సెక్కి వస్తారు."

ఆ మిగిలిన ఒక్కటీ పసుపు గురించి. "ఇంటికి పోతానే మీరు బిడ్డకు పసుపు పూస్తారు, నాకు తెలుసు. కామెర్లు వస్తే ఒంటి మీద ఏది పూసిన పసుపో ఏది కామెర్లో మీకే తెలీదు. పొద్దున ఎండలో కంటి తెలుపు చూడండి."

ఆపరేషను బాగా జరిగింది. ఇంటికొచ్చిన బిడ్డకు నా భార్య దిష్టి తీసి, మనసు ఆగక ముఖానికి పసుపు పూయనే పూసింది. చూడవచ్చిన వాళ్లందరూ "ఎంత కళ వచ్చిందో!" అని మురిసిపోయారు. నేనూ మురిశాను. కొన్ని రోజులకు బిడ్డకు ఒళ్లు వెచ్చబడింది. నా భార్య ఆమెను వాకిట్లో ఎండకు నిలబెట్టి, కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "ఏమయ్యా, ఆమె చెప్పిందే వచ్చింది. లెయ్, బస్సుకు పోదాం" అంది. ఏడవలేదు. లోపల పిత్తరసం చేరి చీము పట్టిందట. డాక్టరమ్మ గొట్టం పెట్టి తీశారు. ఆలస్యం చేసి ఉంటే బిడ్డ దక్కేది కాదన్నారు. పూసిన పసుపుకు తిట్టలేదు. "చూసింది ఎవరు, అక్కా నువ్వా?" అని నా భార్య భుజం తట్టారు.

పొట్ట మీద చెయ్యి పెట్టేముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకునేవారు. ఒకసారి నేను ఆత్రం పట్టలేక, "నా బిడ్డ ఎన్నాళ్లు ఉంటాది తల్లీ?" అని అడిగాను. "ఇట్లాంటోళ్లలో ఎక్కువ మందికి ఏమైతాదో తెలుసన్నా. నీ బిడ్డకు ఏమైతాదో తెలీదు. తెలిసినట్టు చెప్తే నేను జోస్యం చెప్పేదాన్ని, డాక్టరును కాను. తిరిగి రావచ్చు. అందుకే రమ్మన్నప్పుడల్లా రండి" అన్నారు. అబద్ధపు ధైర్యం ఒక్క మాటైనా చెప్పని మనిషి! అందుకే కాబోలు, ఆమె "బాగుంది" అన్న రోజు మాకు పండగగా ఉండేది.

ఆ రోజు స్కాన్ ఫిల్ము సంచిలో పెట్టుకుని ఆసుపత్రి నుంచి అటే డాక్టరమ్మ ఇంటికి వెళ్లాం. పందిరి కింద ఎక్కడెక్కడి జనమో. పలకరించుకుంటే అందరూ ఆమె చేతి కోత పడ్డవాళ్లూ, వాళ్ల మనుషులూ. నా పక్కన శివకాశి నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నాడు. "మీకు ఎవరికి చేసినారు?" అని అడిగాను.

"నా పెండ్లానికి. రెండోసారి గడ్డ వచ్చి చనిపోయిందన్నా."

ఆయనే మళ్లీ అన్నాడు: "తిరిగి రావచ్చని ఈ డాక్టరమ్మ ముందే చెప్పింది. బాగున్నప్పుడే దానికి సముద్రం చూపించినా. ఎన్నాళ్లగానో అడగతా ఉండె. అలలో నిలబడి చిన్నబిడ్డ మాదిరి అరిచింది. ఆ ఒక్కటైనా నాకు మిగిలింది. అందుకే వచ్చినా."

నా సంతోషం ఆయనకు ఎలా చెప్పను? చెప్పలేక చుట్టూ చూశాను. నా కూతురు అప్పటికే చెంబూ గ్లాసులూ అందుకుంది. మా దగ్గరకొచ్చి మొదట ఆయనకు నీళ్లిచ్చింది. ఆయన తాగి, గ్లాసు తిరిగిచ్చి, ఆమె ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. ఆమె పక్క కుర్చీకి కదిలింది, తర్వాత దాని పక్కకు, అలా ఎండలో మెరుస్తున్న పందిరి చివరిదాకా.