పళ్లచక్రం మీది బొట్లు

మా పుస్తకాల బీరువా పక్కనున్న బల్ల మీద, ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న ఇనుప పళ్లచక్రం ఒకటి ఉంది. చిన్న పళ్లెమంత ఉంటుంది. వానలు వెనకపట్టి దసరా ఎండ కాసే రోజుల్లో దాన్ని చేతిలోకి తీసుకుంటే అరిగిన రబ్బరు వాసన, పాత ఇంజనాయిలు వాసన, వాటి అడుగున ఉందో లేదో అన్నట్టు కాస్త కర్పూరం వాసన వస్తాయి. కర్పూరం సంగతి మా ఆయన నమ్మడు. ఏడాది పొడుగునా జలుబు చేసి ఉండే ముక్కుతో వాదించడం దేనికని నేనూ ఊరుకుంటాను.

అది మా నాన్న వ్యానులోది. అప్పుడు మేం కంచరపాలెంలో రైలుపట్టాలకి దగ్గరగా, గూడ్సుబండి పోతే గూట్లోని గ్లాసులు గలగలమనే ఇంట్లో ఉండేవాళ్లం. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పడేది, అమ్మ దులిపిన చీరనే మళ్లీ దులుపుతూ గాలిని తిట్టేది. ఇంటి ముందు మేం తొక్కుడుబిళ్ల గీసుకునే కాస్త జాగాలోనే నాన్న వ్యాను నిలిపేవాడు కనక, అది బయటికి వెళ్తేనే మాకు ఆట. అది ఎందరి చేతులో మారి మా దగ్గరికి వచ్చిన ముసలి బండి. పొద్దునా సాయంత్రం బడిపిల్లల్ని మోసీ మోసీ దాని లోపలంతా ఇడ్లీ, పెన్సిల్ చెక్కు, వానలో తడిసిన మేజోళ్లు కలిసిన ఒక వాసన పట్టేసింది. మా ఇంటిల్లిపాదీ ఆ వాసన మీదే బతికాం.

తాతయ్య పోయాక నాయనమ్మ విజయనగరం అవతలి పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేసింది. సాయంత్రం గుమ్మంలో కూర్చుని, చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, పోయే రైళ్లని తన సొంత పశువుల్లా చూసేది. ఎవరి మాటా వినే మనిషి కాదు. అలాంటిది ఇంట్లో పూజ అనేసరికి మాత్రం వంటింటి తలుపు వెనక్కి జరిగిపోయేది. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. తాతయ్య పోయిననాటి నుంచి ఆవిడ దేనికీ బొట్టు పెట్టింది లేదు.

ఒక ఏడు దసరా సెలవుల్లో వ్యాను టైమింగ్ బెల్టు పగుళ్లిచ్చింది. ఇంజను పై చక్రాన్నీ కింది చక్రాన్నీ కలిపి, ఒకదాని లెక్క ఒకటి తప్పకుండా తిప్పే పళ్ల రబ్బరు పట్టీ అది. ఆటోనగర్లో మెకానిక్కుగా ఉండే మా మావయ్య బండిని షెడ్డుకి తెమ్మన్నాడు. తన బండి నట్లు పరాయి చేతులు విప్పితే నాన్నకి ప్రాణం ఒప్పదు, తానే ఇంటి దగ్గర మారుస్తానన్నాడు. మావయ్య కొత్త బెల్టు తెచ్చిచ్చి ఒకటే మాట చెప్పి వెళ్లాడు.

"గుర్తులెట్టకండా పాత బెల్టు ఇప్పకు బావా. ఒక్క పన్ను తప్పినా ఇంజను సచ్చినట్టే."

బడులు తెరిచేనాటికి బండి కదలకపోతే పిల్లల తల్లిదండ్రులు ఇంకో వ్యాను చూసుకుంటారని, అలా పోయిన పిల్లలు తిరిగి రారని చిన్నదాన్నైన నాకూ తెలుసు. పండగ రోజు సాయంత్రం బండికీ పనిముట్లకీ పూజ. ఆలోగా పని అయిపోవాలని నాన్న ఆ రోజు తెల్లవారుతూనే, కింద ఇంజను ఉండే ముందు సీటెత్తి కూర్చున్నాడు. కంపెనీ వేసిన గుర్తులు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఎప్పుడో మాసిపోయాయి. గుర్తులు పెడదామంటే ఇంట్లో ఉన్న పెయింటు డబ్బా ఎండి గడ్డకట్టింది. దాంతో లోపలికొచ్చి అద్దం దగ్గరి అమ్మ తిలకం సీసా పట్టుకుపోయాడు. పై చక్రానికొకటి, కిందిదానికొకటి ఎర్రటి చుక్కలు పెట్టి, పాత బెల్టు లాగేసి, సీసా అక్కడే ఉంచి ఉప్మా తినడానికి వచ్చాడు. ముక్కు మీద గ్రీజుతో, వేలికి తిలకంతో కొత్త పెళ్లికొడుకులా ఉన్నావని అమ్మ ఆటపట్టించింది. గారెల పప్పు రుబ్బుతున్న చప్పుడు, వీధి చివర పులివేషాల డప్పులు, వాటి మధ్య నాన్న నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

మేమంతా లోపల ఉన్న ఆ కాస్సేపట్లోనే నాయనమ్మ బండి దగ్గరికి వెళ్లింది. సాయంత్రం అందరి ముందూ అయితే వెళ్లేది కాదు. చక్రానికి ఎర్రటి బొట్టు, పక్కనే సీసా కనిపించాయి. కొడుకు పూజ మొదలెట్టి మధ్యలో వదిలేశాడనుకుంది. చేతికి అందనివైపు అందేలా చక్రాల్ని కొంచెం కొంచెం తిప్పుకుంటూ, రెంటికీ చుట్టూ వరసగా బొట్లు పెట్టేసింది. నాన్న చేయి కడుక్కుని వచ్చేసరికి కొంగుతో వేలు తుడుచుకుంటోంది.

"ఒక్కటే ఎట్టి మర్సిపోనావురా. మిగతాయి నానెట్టీసినాను."

ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నాన్న చక్రాల వంక చూసి, ఆవిడ వంక చూసి, మంచిపని చేశావమ్మా అని మాత్రం అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లగానే బండి మెట్టు మీద చతికిలబడ్డాడు. అమ్మ సంగతి విని నోరు నొక్కుకుంది. చక్రాలు కదిలిపోయాయి, గుర్తులు ఎలాగూ బొట్లలో కలిసిపోయాయి, ఆ ఎరుపంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి, మావయ్యని పిలిచి మొదట్నించీ చూసుకోమంది. పూజ చేసిన బొట్టు తుడిచేశారని ఆవిడ చూస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తన చేయి తగిలే బండి పాడైందని నమ్మేస్తుంది, ఇక ఆ తలుపు వెనక నుంచి కదలదు.

నాన్న కిరసనాయిలు గుడ్డ తీసి అవతల పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఇన్నాళ్లకి అమ్మ బొట్టెట్టింది. నాను తుడవనేను. ఒగ్గీ."

బొట్ల జోలికి పోకుండా, గుర్తులు లేకుండానే రెండు చక్రాల లెక్కా కలపడం మొదలుపెట్టాడు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోకి చీపురు ఈనె దించి, కింది చక్రాన్ని పానాతో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ లోపలి పిస్టన్‌తో పాటు ఈనె పైకి లేచి ఎక్కడ ఆగుతుందో చూశాడు. పైమూత తీసి వాల్వుల బిగువు వేళ్లతో తడిమాడు. సరిపోయిందనుకుంటాడు, మనసొప్పక మళ్లీ మొదటికొస్తాడు. ఆ ఈనె నాయనమ్మే ఇచ్చింది, చీపుర్లోంచి తిన్ననిది ఏరి మరీ. దేనికిరా అంటే గాలి చూడ్డానికన్నాడు. ఎండ నెత్తికెక్కి దిగిపోయింది. గారెలు చల్లారిపోయాయి, తినమని ఎవరూ అడగలేదు. ఆఖరికి కొత్త బెల్టు ఎక్కించి, చేత్తో నిదానంగా చుట్టు తిప్పి, లోపల ఎక్కడా తట్టుకోలేదని చెవి పెట్టి విని, బొట్ల మీదే రేకు మూత బిగించేశాడు.

సంధ్యవేళ తాళం తిప్పాడు. బండి దగ్గింది, ఊరుకుంది. నాన్న స్టీరింగుకి నుదురు ఆనించి మళ్లీ తిప్పాడు. ఈసారి అందుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి, ఉన్నట్టుండి కుంకుమ పళ్లెం తీసుకుని వంటింటి తలుపు దాకా వెళ్లి నాయనమ్మ ముందు పట్టుకుంది. ఆ అమ్మే పొద్దున తుడిచేయమంది.

నాయనమ్మ పళ్లెం వంకా, అమ్మ వంకా చూసి నవ్వింది.

"నాది పొద్దున్నే అయిపోనాదే."

అయినా బయటికొచ్చింది. బండి ముందు అందరితో పాటు నిలబడింది. ఆ తర్వాత మా ఇంట్లో ఏ పూజకీ తలుపు వెనక్కి వెళ్లలేదు, ఆవేళ ఏం జరిగిందో పోయేదాకా ఆవిడకి తెలియనూ లేదు.

ఇప్పుడు ఆ ఇంటి చోట అపార్టుమెంటు లేచింది, తొక్కుడుబిళ్ల గీతల మీద స్కూటర్లు నిలబడుతున్నాయి. సీసాలో తిలకం అడిగితే షాపువాడు స్టిక్కర్ల అట్ట చేతిలో పెడతాడు. నాయనమ్మ లేదు, నాన్నా లేడు. వ్యాను తుక్కు కింద పోయేరోజున నాన్న మూత విప్పి ఈ ఒక్క చక్రం మాత్రం ఊడదీసి తెచ్చుకున్నాడు. వెలిసిపోయినా బొట్లు ఇంకా ఉన్నాయి. దుమ్ము తుడిచేటప్పుడు వాటికి తడిగుడ్డ తగలనివ్వను. వాటిలో నాన్న గుర్తు ఏదో, నాయనమ్మ బొట్లు ఏవో ఆయనా చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేను.