బ్యాటరీకి వాసెలిన్

వాసెలిన్ వాసన తగిలితే నాకు మా పాత కారే గుర్తొస్తుంది.

మేం పీణ్యలో ఉన్నప్పుడు దాని బ్యాటరీ చచ్చిపోతే, నాన్న నాలుగు అంగళ్లు తిరిగి కొత్తది ఏరి తెచ్చి, తానే బిగించాడు. పాతదాని టెర్మినళ్ల మీద తెల్లటి పొట్టు లేచి ఉంది. కొత్తదానికి అలా కాకూడదని నా వాసెలిన్ తీసి పూశాడు.

“చలికి దీని పెదాలూ పగుల్తాయా నాన్నా?”

“బ్యాటరీకి పెదాలేందమ్మా!” అని నవ్వాడు.

నేను నమ్మలేదు. ప్రతి ఆదివారం ఆయన బానెట్ ఎత్తి, నీళ్లు తెస్తానని లోపలికి పోగానే దొంగచాటుగా పూసేదాన్ని.

ఆ బ్యాటరీ ఐదేళ్లు నడిచింది. “నేను ఏరింది కదప్పా!” అని నాన్న అందరికీ చెప్పుకునేవాడు. నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

చెంబెడు నీళ్లకు ఆయనకు అంతసేపు ఎందుకు పట్టేదో, వాసెలిన్ డబ్బాను ప్రతిసారీ బంపర్ మీదే ఎందుకు మరిచిపోయేవాడో, నాకు కూతురు పుట్టాక తెలిసింది.